స్పానిష్‌లో పెట్టె సర్దడం: ఒక పాత కండక్టరు తనిఖీ

ధర 2,400 రూపాయలు. ఫోనులో 12 పాఠాలు, ఆరు నెలల గడువు, వాటితో పాటు అరగంట చొప్పున ఆరుసార్లు తెర మీద ఒక మనిషితో మాట్లాడే వీలు. పెట్టె సర్దుకోవడం మొదలు విమానం దిగి బయటపడేదాకా కావలసిన స్పానిష్ మాటలు, వ్యాకరణం నేర్పుతామన్నది వాళ్ళ హామీ. కోర్సు పేరు రాయడం లేదు. మా అమ్మాయి స్నేహితుల ఫోన్లలో ఇలాంటివే మరో రెండు చూశాను, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కొన్న మర్నాడే ఐదు నక్షత్రాలు ఇచ్చేసినవాళ్ళ మాట నమ్మి నేను డబ్బు కట్టాను. అందుకని నేను మాత్రం 12 పాఠాలూ పూర్తిచేసి, స్పెయిన్ వెళ్ళి 80 రోజులు ఉండి, తిరిగి వచ్చాక రాస్తున్నాను. నా మార్కు మూడు నక్షత్రాలు. ఆ పోయిన రెండూ ఎక్కడ పోయాయో చెప్పడానికే ఇంత రాత.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా ఫిర్యాదు అర్థం కాదు. ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేశాను. డిపో మదనపల్లె. బెంగళూరు, వేలూరు, చెన్నై సర్వీసుల్లో ఎక్కువగా తిరిగాను. కన్నడం, తమిళం నాకు పుస్తకాల్లోంచి రాలేదు, చిల్లర దగ్గర వచ్చాయి. ప్రయాణికుడికి ఇవ్వాల్సిన రెండు రూపాయలు నా దగ్గర లేనప్పుడు వాడు నన్ను ఏమేమి అన్నాడో వింటూ నేర్చుకున్నవి. పాఠం రూపంలో ఒక భాషను నేర్చుకోవడం 62వ ఏట ఇదే మొదటిసారి. మా అమ్మాయి స్పెయిన్‌లోని మాలగాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. మనవరాలు పుట్టిందని నేనూ మా ఆవిడా బయలుదేరాం. "ఇంగ్లీషు చాలు నాన్నా, ఎందుకీ శ్రమ" అని మా అమ్మాయి అంటూనే ఉంది. రాష్ట్రం దాటిన ప్రతిసారీ అక్కడి భాషలో టికెట్టు కొట్టినవాడిని, సముద్రం దాటుతూ మూగవాడిలా వెళ్ళడానికి మనసు ఒప్పలేదు.

మొదటి సంభాషణలోనే దెబ్బ తిన్నాను. తెర మీద వచ్చే టీచరు కొలంబియా అమ్మాయి. మంచి పిల్ల, ఓపిక చాలా ఉంది. ఏం చేసేవారు అని అడిగింది. బస్సు కండక్టరును అని గర్వంగా చెప్పాను. అంత పెద్ద బండిని ఘాట్ రోడ్డులో ఎలా నడిపేవారు అని ఆశ్చర్యపోయింది. కాసేపటికి గాని తెలియలేదు, స్పానిష్‌లో 'కొందుక్తోర్' అంటే డ్రైవరట! టికెట్లు ఇచ్చేవాణ్ణి వాళ్ళ వైపు 'కొబ్రదోర్' అంటారని, అంటే వసూలు చేసేవాడని చెప్పింది. స్పెయిన్‌లో రైళ్ళలో టికెట్లు చూసేవాడు 'రెబిసోర్'. 31 ఏళ్ళు ముందు సీట్లో కూర్చుని నాతో పోట్లాడిన డ్రైవర్లందరి ఉద్యోగాన్నీ ఒక్క మాటతో లాగేసుకున్నాను. ఈ సంగతి కోర్సులో ఎక్కడా లేదు, ఉండాలని కూడా అనను.

పెట్టె సర్దే పాఠాలు నాలుగు. ఈ కోర్సులో డబ్బుకు తగినవి ఇవే. తెర మీద మంచం, దాని మీద తెరిచిన పెట్టె, పక్కన బట్టల కుప్ప. ఒక గొంతు చెబుతూ ఉంటుంది: సాక్సులు పెట్టెలో పెట్టు, కళ్ళజోడు బయటికి తియ్యి, ఛార్జరు చేతిసంచీలో వెయ్యి. మనం వేలితో లాగి ఆ వస్తువును అక్కడ పడేయాలి. 'మెతేర్' అంటే లోపల పెట్టడం, 'సకార్' అంటే బయటికి తీయడం. మూడో రోజుకల్లా ఈ రెండూ చేతికి వచ్చేశాయి. పెట్టె సర్దడాన్ని వాళ్ళు 'అసేర్ లా మలేతా' అంటారు. మాటకు మాట చూస్తే పెట్టెను 'చేయడం'. మనం పక్క వేస్తాం, వాళ్ళు పెట్టె చేస్తారు.

ఆ పాఠం ఒకరోజు వరండాలో కూర్చుని గట్టిగా పెట్టుకుని వింటున్నాను. ఫోను 'తోఆయా' అంది. వంటింట్లోంచి మా ఆవిడ "తువ్వాలా?" అంది. బొమ్మ చూస్తే తువ్వాలే. ఆ తర్వాత 'హబోన్' వచ్చింది, సబ్బు. 'బొతోన్' వచ్చింది, బొత్తాం. 'కమీసా' వస్తే కమీజు, 'అర్మారియో' వస్తే అల్మారా. మా ఆవిడ ఒక్క పాఠం చదవకుండా నాకంటే ముందు జవాబులు చెబుతోంది. వీటిలో తువ్వాలు, బొత్తాం, అల్మారా లాంటివి ఒకప్పుడు పోర్చుగీసు ఓడలతో మన తీరానికి దిగిన మాటలు, పోర్చుగీసుకు స్పానిష్ అక్కచెల్లెలి వరస. సబ్బు, కమీజు అరబ్బీ ఫారసీ దారిన కూడా తిరిగి వచ్చిన మాటలు. ఇంకొకటి నాకు నేనుగా పట్టుకున్నాను. కస్టమ్స్‌ను స్పానిష్‌లో 'అదువానా' అంటారు. అది అరబ్బీ 'అద్-దీవాన్' నుంచి వచ్చిందట. మన పాత కాగితాల్లో దివాణం, దివాను అన్నది అదే మాట. దివాణం ముందు నిలబడితే పెట్టె విప్పి చూపించక తప్పదు కదా. ఇంగ్లీషు దారిన నేర్పే కోర్సుకు ఈ చుట్టరికాలు తెలియవు. తెలుగువాళ్ళ కోసం ఎవరైనా చేస్తే మొదటి పాఠంలోనే 20 మాటలు ఊరికే వస్తాయి.

వ్యాకరణం దగ్గరా ఇదే తంతు. ఇంగ్లీషులో ఆలోచించేవాడికి కష్టమని అరపేజీ వివరణ ఇచ్చిన ప్రతిచోటా నాకు కష్టం కనబడలేదు. క్రియ చివరను బట్టే ఎవరో తెలిసిపోతుంది కాబట్టి 'నేను' అనే మాట వదిలేయవచ్చని ఒక పాఠమంతా చెప్పారు. వచ్చాను, వచ్చావు, వచ్చారు అనేవాడికి అది పాఠమా? 'యెబార్' అంటే తీసుకువెళ్ళడం, 'త్రయేర్' అంటే తీసుకురావడం, మాట్లాడేవాడు ఎక్కడున్నాడో చూసుకుని వాడాలని హెచ్చరిక. "అత్తగారికి సున్నుండలు తీసుకురా" అని మనం ఇక్కడినుంచి బయలుదేరేవాడితో అంటామా? చిన్నప్పుడే వచ్చేసిన తేడా అది. మనిషిని చూస్తే 'ఆ' అనే చిన్న ముక్క చేర్చాలి, వస్తువును చూస్తే అక్కర్లేదు అన్నదానికి రెండు పేజీలు. అమ్మాయిని చూశాను, సినిమా చూశాను. మనం 'ని' ఎక్కడ పెడతామో దాదాపు అక్కడే వాళ్ళు 'ఆ' పెడతారు. నేను నోట్సులో ఒక్క వాక్యం రాసుకుని పేజీ తిప్పేశాను.

అన్నిటికంటే నాకు నచ్చింది, తరువాత నన్ను కాపాడింది, 'మె ఫాల్తా' అన్న ప్రయోగం. ఇంగ్లీషు వివరణ చదివితే తల తిరుగుతుంది: వస్తువు కర్త అవుతుందట, మనిషి పక్కకు జరుగుతాడట. మనం అనేదేగా: నాకు ఒక సాక్సు తక్కువైంది. 'మె' అంటే నాకు, 'ఫాల్తా' అంటే తక్కువైంది. నాకు ఇష్టం, నాకు తలనొప్పి, నాకు తక్కువైంది, అన్నీ ఒకే బాట. ఇంకో అడుగు ముందుకు వేసి వాళ్ళు 'సె మె రొంపియో' అంటారు. పగలగొట్టాను అనరు, నా చేతిలో పగిలిపోయింది అంటారు. 'సె మె ఆ ఒల్బిదాదో ఎల్ పసపోర్తే' అంటే పాస్‌పోర్టును నేను మరచిపోవడం కాదు, అదే నాకు మతిలోంచి జారిపోయింది. నేరం తన మీద వేసుకోకుండా నిజం చెప్పే ఈ సౌకర్యం స్పానిష్‌లో ఇంత బాగా ఉందని ముందే తెలిస్తే డిపోలో లెక్కల దగ్గర ఆ భాషలోనే సంజాయిషీ రాసి ఇచ్చేవాణ్ణి.

లింగాల విషయంలో మాత్రం మనకు ఏ రాయితీ లేదు. పెట్టె ఆడది, పాస్‌పోర్టు మగది, టికెట్టు మగది, గేటు ఆడది. సామాను మొత్తాన్ని కలిపి 'ఎకిపాహే' అంటే మగది, ఎంత సామానున్నా ఏకవచనమే. బట్టలు అన్నా అంతే, 'రోపా', ఒకే ఒక్క ఆడమాట. 'దాన్ని' అనడంలోనూ ఇదే పేచీ: పాస్‌పోర్టు పెట్టావా అంటే 'లో' పెట్టాను, పెట్టె మూశావా అంటే 'లా' మూశాను. కోర్సువాళ్ళు మగవాటికి నీలం, ఆడవాటికి నారింజ రంగు వేశారు. రంగు కనబడినంతకాలం తప్పు రాలేదు. తెర మూయగానే పెట్టె మళ్ళీ మగదైపోయేది.

ఉచ్చారణకు ఈ కోర్సు మార్కులు వేస్తుంది, ఇక్కడ నేను గొప్ప చెప్పుకోవచ్చు. త, ద లు వాళ్ళవీ మనవీ ఒకటే, పళ్ళ వెనకే. 'ఞ' మనకు వర్ణమాలలో ఊరికే కూర్చున్న అక్షరం అనుకునేవాణ్ణి, అది అక్కడ రోజూ పనిచేస్తోంది: రేపు అనడానికి 'మఞానా', దేశం పేరు 'ఎస్పాఞా'. 'పేరో' అంటే కానీ, రకారాన్ని గట్టిగా దొర్లిస్తే కుక్క. మా నాన్నగారి తరం బండి ఱ రాసేది, ఆ అక్షరం పోయినా నాలుక మరచిపోలేదు. రెండు 'పేరో'లకూ నూటికి నూరు వచ్చాయి. వ రాసి బ పలకడం ఒక్కటే ఇబ్బంది పెట్టింది. విమాన ప్రయాణానికి 'వ్వేలో' అన్నప్పుడల్లా ఎర్ర గీత, 'బ్వేలో' అంటే పచ్చ గీత. నోట్సు అంతా తెలుగు లిపిలో రాసుకున్నాను. కోర్సు మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాలని చెప్పదు గానీ అలాగే అనుకుంటుంది. తెలుగులో రాసుకుంటే సగం ఉచ్చారణ అక్కడే కుదురుతుంది.

ఇక ఫిర్యాదులకు వస్తాను.

ఇది ఏ దేశపు స్పానిషో వాళ్ళు చెప్పరు. చెప్పకపోవడమే కాదు, కలిపేశారు. సామాను కౌంటరులో అప్పగించడాన్ని పాఠంలో 'దోకుమెంతార్' అని నేర్పారు. అది మెక్సికో మాట. కొలంబియా అమ్మాయి నవ్వి 'దెస్పచార్' అంటాం మేము అంది. మాలగాకు ఫోను చేస్తే మా అమ్మాయి ఇక్కడ 'ఫక్తురార్' అంటారు నాన్నా అంది. టికెట్టు పాఠంలో 'బోలేతో', స్పెయిన్‌లో 'బియేతే'. విమానం ఎక్కే కాగితం పాఠంలో 'పాసే దే అబోర్దార్', స్పెయిన్‌లో 'తర్హేతా దే ఎంబార్కే', కొలంబియాలో 'పసబోర్దో'. పెట్టెనే అర్జెంటీనాలో 'బలీహా' అంటారట. 'ఫక్తురా' అంటే బిల్లు అని వేరే పాఠంలో నేర్చుకుని ఉన్నాను, కౌంటరులో పెట్టెకు బిల్లు వేయడం ఏమిటని మొదట తికమకపడ్డాను. తరువాత తట్టింది. రైల్వే స్టేషనులో సామాను రాయించి పంపడం నుంచి ఉన్న మాట అది. మేము బస్సు టాపు మీద మూటకు లగేజీ టికెట్టు కొట్టేవాళ్ళం, అదే పని. ఇలా ఒక పోలిక చెబితే మాట మరచిపోలేం. నాలుగు దేశాల మాటలు నాలుగు గడుల్లో పెడితే అరపేజీ పట్టేది. అది చేయకుండా 'అంతర్జాతీయ స్పానిష్' అని పేరు పెట్టారు. అలాంటి ఊరు ఏ బస్సు బోర్డు మీదా నేను చూడలేదు.

మర్యాద దగ్గరా ఇదే గందరగోళం. పాఠాలన్నీ 'తూ' అని నువ్వు మీద నడుస్తాయి, పోలీసుతో మాట్లాడే ఒక్క పాఠంలో 'ఉస్తేద్' అని మీరు వస్తుంది. కొలంబియా అమ్మాయి ఆరు అరగంటలూ నన్ను మీరు అనే పిలిచింది. మాలగాలో కాఫీ కొట్టు కుర్రవాడు మొదటి రోజే నువ్వు అన్నాడు. ఇక్కడ అంతే నాన్నా, చనువు, తప్పుపట్టకు అని మా అమ్మాయి చెప్పాక సర్దుకున్నాను. కోర్సు చెప్పి ఉంటే ఆ కాఫీ ఇంకొంచెం తియ్యగా ఉండేది.

పెట్టెలో పెట్టే వస్తువుల జాబితా కూడా ఎవరి కోసమో. ఈతబట్టలు, ఎండ పూత, మంచు బూట్లు. మా పెట్టెలో ఉన్నవి కందిపొడి, చింతపండు, అప్పడాలు, రెండు సీసాల ఊరగాయ, బాలింతకు కావలసిన కాయం. 'కస్టమ్స్‌లో చెప్పవలసినవి ఏమైనా ఉన్నాయా' అన్న ప్రశ్న నేర్పి, ఏవి చెప్పాలో నేర్పలేదు. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాలతో చేసినవి ప్రయాణికులు తీసుకువెళ్ళకూడదు. మా ఆవిడ కాచి పెట్టిన నేతి సీసా మా అమ్మాయి ఫోనుతో పెట్టెలోంచి బయటికి వచ్చింది. మామిడిపండ్లకు, పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయ, అరటిపండు, అనాస, ఖర్జూరం, దురియన్ అనే ఐదింటికి అక్కర్లేదు. ప్రయాణపు స్పానిష్ అంటూ ఒక పాఠం పెట్టినప్పుడు 'కార్నే' అంటే మాంసం, 'లాక్తెయోస్' అంటే పాల వస్తువులు అన్న రెండు మాటలు ఈతబట్టల కంటే ముందు రావాలి.

కానీ ఇవన్నీ సర్దుకోగలిగినవి. అసలు లోపం వేరే ఉంది.

కోర్సులోని సంభాషణలన్నిటిలో ప్రయాణికుడు అడుగుతాడు, కౌంటరులో మనిషి "అలాగే, ఇదిగో తీసుకోండి" అంటాడు. కిటికీ సీటు ఉందా? అలాగే, ఇదిగో. ఈ సంచీ చేతిసామానుగా తీసుకెళ్ళవచ్చా? అలాగే. విమానం సమయానికి ఉందా? ఉంది. నేను 31 ఏళ్ళు ఆ కౌంటరుకు అవతలి వైపు ఉన్నవాణ్ణి. ప్రయాణికుడు అడిగే ప్రశ్నలు నాలుగే. మా జవాబులు నలభై. సీటు లేదు, వెనక బండి ఉంది. అక్కడ ఆగదు, క్రాస్ దగ్గర దిగి నడవండి. పిల్లవాడికి ఐదేళ్ళు నిండాయి, అరటికెట్టు తీయండి. మూట పైన వేయండి, కాళ్ళకు అడ్డం. చిల్లర దిగేటప్పుడు ఇస్తాను. ఈ కోర్సు నాకు నాలుగు ప్రశ్నలు అందంగా నేర్పింది, నలభై జవాబుల్లో ఒక్కటే నేర్పింది. ఎందుకు? జవాబు మన చేతిలో ఉండదు కాబట్టి, పరీక్ష పెట్టడం కష్టం కాబట్టి. మనం అనే మాట ఫోను వింటుంది, మార్కు వేస్తుంది. ఎదుటివాడు తొందరలో, నోట్లో సగం మింగి అనే మాట మనం విన్నామా లేదా అన్నది ఏ తెర మీదా కనబడదు.

ఇది నాకు దారిలో కొద్దికొద్దిగా తెలిసింది. మాడ్రిడ్‌లో దిగాం. విమానాశ్రయం పేరు బరాహాస్, దేశ మాజీ ప్రధాని అదోల్ఫో సువారేస్ పేరు 2014లో ముందు చేర్చారు. ఇమిగ్రేషన్‌లో యువ అధికారి. ఎందుకు వచ్చారు అన్నాడు. 'బెంగో ఆ బేర్ ఆ మీ ఇహా', మా అమ్మాయిని చూడటానికి వచ్చాను, అన్నాను. ఆ చిన్న 'ఆ' కూడా తప్పలేదు. అతను మొహం విప్పార్చుకుని ఇంకేదో పొడుగ్గా అడిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఆవిడ చేతిలో ఉన్న కాగితాల్లోంచి ఆహ్వాన పత్రం తీసి ముందు పెట్టింది. అక్కడివాళ్ళ ఇంట్లో దిగేవాళ్ళకు పోలీసుల దగ్గర తీసుకోవలసిన 'కార్తా దే ఇంబితసియోన్' అది. అతను అడిగింది కూడా అదేనట. అడిగినవాడి చూపు ఎటుందో ఆవిడ చూసింది, నేను వ్యాకరణం చూస్తున్నాను.

సామాను తనిఖీలో 'కీతెసే ఎల్ థింతురోన్' అన్నారు, బెల్టు తీయండి. అరగంట తరువాత విమానంలో 'అబ్రోచెసే ఎల్ థింతురోన్' అన్నారు, బెల్టు పెట్టుకోండి. రెండూ కోర్సులో ఉన్నాయి, రెండూ తెలిశాయి. స్పెయిన్‌లో 'స' స్థానంలో కొన్నిచోట్ల నాలుక పళ్ళ మధ్య పెట్టి 'థ' లాంటి శబ్దం చేస్తారన్నది మాత్రం కోర్సులో లేదు.

మాలగా విమానానికి నాలుగో టెర్మినల్‌కు మారాలి. భూమి కింద డ్రైవరు లేని రైలు తీసుకెళుతుంది. కండక్టరూ లేడనుకోండి. 2006లో తెరిచిన ఆ టెర్మినల్ పైకప్పంతా వెదురు బద్దలు, అలలు అలలుగా. స్తంభాలు ఈ చివర నుంచి ఆ చివరకు రంగు మారుతూ పోతాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. గేటు ఎక్కడ అని ఒకావిడను చక్కగా అడిగాను. "ఆచే దియెథిసియెతే" అంది. దియెథిసియెతే అంటే 17, అది తెలుసు. 'ఆచే'ను ఇంగ్లీషు మొదటి అక్షరమనుకుని వెతకడం మొదలుపెట్టాను. ఆ టెర్మినల్‌లో ఆ అక్షరంతో గేట్లే లేవు. స్పానిష్‌లో 'ఆచే' అంటే హెచ్. మిగతా గేట్లు 'హోతా' అనే జె, 'కా' అనే కె. వర్ణమాల పేర్లు నేర్పకుండా విమానాశ్రయపు స్పానిష్ నేర్పడం, ఊరి పేర్లు చెప్పకుండా రూటు చెప్పడం లాంటిది. అరవైకి 'సెసెంతా', డెబ్భైకి 'సెతెంతా', తొందరలో రెండూ ఒకటే. ఆ జాగ్రత్త కూడా ఎక్కడా లేదు.

మాలగాలో పెట్టెలు వచ్చాయి. మూడు వచ్చాయి. నాలుగోది, మా ఆవిడ చీరలదీ పొడులదీ, రాలేదు. బెల్టు ఆగిపోయింది. కౌంటరు దగ్గరికి వెళ్ళి నిలబడి, ఏ తడబాటూ లేకుండా 'పెర్దోన్, మె ఫాల్తా ఉనా మలేతా' అన్నాను. నాకు ఒక పెట్టె తక్కువైంది. ఆరు వారాల చదువులో ఇంత నిండైన వాక్యం నా నోట రాలేదు. ఆవిడ నాకు స్పానిష్ బాగా వచ్చనుకుంది. అదే కొంప ముంచింది. గడగడా ఏదో అంది. మాలగా వైపు మాట చివరి 'స్'లు మింగేస్తారు. 'బువేనోస్ దియాస్' అక్కడ 'బువేనో దియా', 'మాస్' అంటే 'మా'. మధ్యలో వచ్చే 'స్' కూడా గాలిలా పోతుంది. కోర్సులోని గొంతు ప్రతి అక్షరాన్నీ ఇస్త్రీ చేసి ఇస్తుంది. ఇక్కడ అంతా నలిగిన బట్టే. ఏరుకుంటే నాకు దొరికిన ముక్క ఒక్కటే: 'మె ఎన్సేఞా'. 'ఎన్సెఞార్' అంటే పాఠం చెప్పడం అని ఏడో పాఠం. ఈవిడ నన్ను ఏదో నేర్పమంటోంది. నేను ఏం నేర్పాలి? మళ్ళీ అంది, మళ్ళీ అదే. చివరికి నా చేతిలోని బోర్డింగ్ కాగితం వెనక అంటించిన చిన్న చీటీ మీద వేలు పెట్టింది.

'ఎన్సెఞార్' అంటే చూపించడం కూడానట. "సామాను చీటీ చూపిస్తారా?" అని ఆవిడ అడిగింది. 31 ఏళ్ళు రోజుకు కొన్ని వందలసార్లు నేను అన్న మాట అది, టికెట్టు చూపించండి. నన్ను అడిగితే గుర్తుపట్టలేకపోయాను.

ఆ తరువాత ఆవిడ నిదానించింది. రంగేమిటి, గట్టిదా మెత్తదా, చక్రాలున్నాయా. పిడికి ఎర్ర రిబ్బను కట్టాం అని చెప్పడానికి 'ఉనా థింతా రోహా' అన్నాను. సామాను తిరిగే బెల్టును కూడా అక్కడ 'థింతా' అనే అంటారు, కాబట్టి ఎర్ర బెల్టు ఎక్కడుందా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. లోపల ఏమున్నాయి అంటే, 'రోపా' అన్నాక పొడులను ఏమనాలో తెలియక 'పోల్బో రోహో', ఎర్రటి పొడి, అన్నాను. విమానాశ్రయంలో అనకూడని మాట ఏదైనా ఉంటే అదేనని ఆవిడ కనుబొమ్మలు చెప్పాయి. 'ఎస్పేసియాస్', మసాలాలు, అనాలట. ఫారం నింపి నంబరు ఇచ్చింది. దాన్ని అక్కడ 'పార్తే' అంటారు. అది లేకుండా విమానాశ్రయం దాటకూడదు. ఆలస్యంగా వచ్చిన పెట్టె మీద ఫిర్యాదు చేతికి అందిన 21 రోజుల్లోపు, దెబ్బతిన్నదాని మీద 7 రోజుల్లోపు రాసి ఇవ్వాలని విమాన ప్రయాణాలకు దేశాలు కుదుర్చుకున్న మాంట్రియల్ ఒప్పందంలో ఉంది. మా పెట్టె రెండు రోజులకు ఇంటికే వచ్చింది. ఎవరో డబ్బాల మూతలు తీసి చూసినట్టున్నారు, చీరలన్నిటికీ కందిపొడి వాసన పట్టింది.

పెట్టె పోయినప్పుడు ఏమనాలన్న పాఠం కోర్సులో ఉందా అంటే ఉంది. పదకొండోది. అందులో ప్రయాణికుడు "నా పెట్టె రాలేదు" అంటాడు, కౌంటరులో మనిషి "చింతించకండి, ఇదిగో మీ పెట్టె" అంటాడు.

మాలగాలో మిగతా రోజులు మా అమ్మాయి చేత కౌంటరు మనిషి వేషం వేయించాను. నేను ఒక ప్రశ్న అడగాలి, తను పది రకాల జవాబులు చెప్పాలి, అవీ 'స్'లు మింగి చెప్పాలి. తరువాత నేను కౌంటరు, తను ప్రయాణికురాలు. ఆ రెండో వేషం నాకు అలవాటైనది కాబట్టి మాటలు వాటంతట అవే వచ్చాయి: సీటు లేదు, బరువు ఎక్కువైంది, పక్క గేటుకు వెళ్ళండి. మనవరాలు ఒళ్ళో పడుకుని మా బేరాలన్నీ వింది. తిరుగు ప్రయాణంలో మాలగా కౌంటరు కుర్రవాడు "కువాంతా మలేతా బా ఆ ఫక్తురా" అన్నాడు. ఎన్ని పెట్టెలు రాయిస్తారు అని. 'స్'లు లేకపోయినా తెలిసింది. "క్వాత్రో" అన్నాను, నాలుగు. ఒకదాని బరువు ఎక్కువైందన్నాడు, అదీ తెలిసింది. సీరియస్‌గా తల ఊపి రెండు కిలోల ఆలివ్‌లు మా ఆవిడ చేతిసంచీలోకి మార్చాను. అవి ఉప్పునీళ్ళలో ఉన్నవి, 100 మిల్లీలీటర్ల నియమం కింద తనిఖీలో తీసి పక్కన పెట్టేశారు. ఆ తప్పు నాదే, కోర్సుకు సంబంధం లేదు.

కొనాలా అంటే: మాటలు, వాక్యం అల్లిక మొదటి నుంచి కావాలనుకునేవాళ్ళు మొదటి నాలుగు పాఠాల కోసం కొనవచ్చు. మూడు నెలలకు ఒకసారి సగం ధరకు ఇస్తున్నారు, అప్పుడు కొనండి. తెర మీది ఆరు అరగంటలను పొదుపు చేయకుండా వాడుకోండి, టీచరును మాత్రం "తొందరగా, విసుక్కుంటూ మాట్లాడండి" అని బతిమాలండి. మా కొలంబియా అమ్మాయి ఒప్పుకోలేదు, మీ టీచరు ఒప్పుకోవచ్చు. మెక్సికో వెళ్ళేవాళ్ళకు ఇందులోని మాటలు నేరుగా పనికివస్తాయి. స్పెయిన్ వెళ్ళేవాళ్ళు పక్కన మరో గడి గీసుకోవాలి.

ఈ సంగతులన్నీ కోర్సువాళ్ళకు రాశాను. మర్నాడే మర్యాదగా జవాబు వచ్చింది, ధన్యవాదాలతో పాటు హోటల్లో భోజనం చేయడానికి కావలసిన స్పానిష్ కోర్సు మీద 30 శాతం తగ్గింపు కూపను పెట్టారు. అందులో వెయిటరు కూడా మాట్లాడతాడా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.